పొలం వేళకు పూజ వేళ

1855లో ఇటలీలోని మిలాన్ నుంచి హైదరాబాదు చేరిన కాథలిక్ మిషనరీల వెనుక వచ్చిన ఫాదర్లే తరువాతి కాలంలో మా కృష్ణా జిల్లా పల్లెల్లో విచారణలు, అంటే ఒక్కో గుడి, దాని కిందికి వచ్చే ఊళ్ళు, నెలకొల్పారు. మా నాయనమ్మకు జ్ఞానస్నానం ఇచ్చినది గడ్డం పెంచుకున్న ఒక ఇటలీ ఫాదర్ గారని, ఆయన ఎడ్లబండి మీద ఊరూరా తిరిగేవారని, పుస్తకాల తెలుగు మాట్లాడుతుంటే పిల్లలు చాటుగా నవ్వుకునేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. అటువంటి ఊళ్ళో పుట్టి, హైదరాబాదులో రామంతాపూర్ సెమినరీలో చదువు ముగించి, గురుపట్టం పొంది, అంటే ఫాదరునై, కొన్నేళ్ళకే నేను కాలిఫోర్నియాలో ఒక పొలాల ఊరికి, స్పానిష్ మాట్లాడే వలస కూలీల మధ్యకు మిషనరీగా వచ్చాను. మా వైపు నుంచి అమెరికాకు వచ్చిన గురువులు ఇప్పుడు చాలామందే ఉన్నారు గాని, ఇక్కడ మా దినచర్య ఎలా ఉంటుందో మన ఊళ్ళలో చాలామందికి తెలియదు. అమెరికా అనగానే చల్లని గదులూ, పెద్ద కార్లూ, ఇంగ్లీషు ప్రసంగాలూ అనుకుంటారు. నా సంగతి వేరు.

రావడానికి పట్టిన కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. ఒక మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం, తన గురువును మరొక మేత్రాసనానికి కొంతకాలం ఇచ్చే పద్ధతికి 1957లో పన్నెండవ పయస్ పోపుగారు, ముఖ్యంగా ఆఫ్రికాను దృష్టిలో పెట్టుకుని, రాసిన ఒక లేఖ ఆధారంగా నిలిచింది. మా మేత్రాణులు (బిషప్పుగారు), ఇక్కడి మేత్రాణులు ఉత్తరాలు రాసుకున్నారు. నేను సద్వర్తనుడనని ఒక లేఖ, వేలిముద్రలు, ఆర్-1 అనే మతసేవకుల వీసా, 2002లో అమెరికా మేత్రాణులు చేసుకున్న తీర్మానం ప్రకారం పిల్లల రక్షణ గురించి తప్పనిసరి శిక్షణ, ఆ తరువాత డ్రైవింగ్ లైసెన్సు. 2021 చివరలో నేను ఇక్కడికి చేరేటప్పటికి చెప్పినది ఇంగ్లీషు పూజలకు సహాయకుడిగా ఉండాలని. వచ్చి చూస్తే మా విచారణలో ఆదివారం నాలుగు పూజలు జరిగితే అందులో మూడు స్పానిష్‌లోనే జరిగేవి. ఇంగ్లీషు పూజకు వచ్చేవారిలో కూడా సగం మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారే.

కాబట్టి మరుసటి వేసవిలో నన్ను టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకు, మెక్సికన్ అమెరికన్ కాథలిక్ కాలేజీకి పంపారు. 1972లో ఒక సాంస్కృతిక కేంద్రంగా మొదలైన ఆ సంస్థలో వలస ప్రజల మధ్య సేవ చేయబోయే గురువులకు, మఠకన్యలకు స్పానిష్ నేర్పుతారు. నాతో పాటు వియత్నాం, నైజీరియా, పోలండ్ నుంచి వచ్చిన గురువులు కూర్చున్నారు. తెలుగువాడి నోటికి స్పానిష్ ఉచ్చారణ ఇంగ్లీషు కంటే చాలా దగ్గరగా ఉంటుంది. వారి త, ద అచ్చంగా మనవే. రాసినదే పలుకుతారు, పలికినదే రాస్తారు. అందువల్ల పూజ పుస్తకాన్ని నెల తిరగకుండానే తడబాటు లేకుండా చదవగలిగాను. అయితే ఆ వెసులుబాటులోనే ఒక చిక్కు ఉంది. పీఠం దగ్గర అంత శుభ్రంగా చదివినవాడికి భాష పూర్తిగా వచ్చేసిందనుకుని, పూజ ముగిసి గుమ్మం దగ్గర నిలబడగానే జనం గబగబా మాట్లాడడం మొదలుపెడతారు. వారి మాటల్లో పొలం మాటలు, ఊరి మాటలు, ఇంగ్లీషు నుంచి వంచుకున్న మాటలు కలగలిసి ఉంటాయి. వాటిని ఏ కాలేజీ నేర్పదు. నేను వాటిని నేర్చుకున్నది మా విచారణ కార్యాలయంలో పని చేసే ఒక పెద్దావిడ దగ్గర. ఆమె నా ప్రసంగాలను ముందుగా చదివి, వ్యాకరణం దిద్ది, ఆపైన ‘‘ఈ మాట మా వాళ్ళకు అర్థం కాదు పాద్రే, ఇంకో మాట వెయ్యండి’’ అని మొహమాటం లేకుండా చెప్పేవారు.

ఊరి గురించి కొంత చెప్పాలి. కాలిఫోర్నియా నడిబొడ్డున, రెండు పర్వత శ్రేణుల మధ్య, ఉత్తర దక్షిణాలుగా సాగిన పెద్ద లోయలో ఫ్రెస్నో నగరం ఉంది. దాని చుట్టూ బాదం, పిస్తా, ద్రాక్ష, టమాటా, ఖర్బూజా సాగయ్యే లక్షల ఎకరాలు ఉన్నాయి. అమెరికాలో తయారయ్యే ఎండుద్రాక్షలో దాదాపు అంతా ఈ చుట్టుపక్కలదే. మా ఊరు ఆ పొలాల మధ్య ఒక చిన్న పట్టణం. ఒక ప్రధాన వీధి, రెండు పెట్రోలు బంకులు, ఒక పాఠశాల, పళ్ళు గ్రేడింగు చేసే షెడ్లు, మా గుడి, నాలుగైదు చిన్న ప్రొటెస్టెంట్ మందిరాలు, అంతే. జనం ఎక్కువగా మెక్సికోలోని మిచోఆకాన్, హలిస్కో, గ్వానహ్వాతో రాష్ట్రాల నుంచి ముందు తరాల్లో వచ్చినవారు, తరువాత వహాకా కొండల నుంచి వచ్చిన మిస్తేకో ఆదివాసీలు, కొందరు ఎల్ సాల్వడోర్ వారు. వీరే కాక ఈ లోయలో పంజాబీలు కూడా గణనీయంగా ఉన్నారు. కొత్తలో బజారులో కనిపించిన ప్రతి ఒక్కరూ నన్ను సర్దార్ల అబ్బాయి అనుకున్నారు. నూరేళ్ళ కిందట ఇక్కడి పొలాల్లో పని చేయడానికి వచ్చిన పంజాబీ మగవారిలో కొందరు మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడి కాపురాలు పెట్టిన చరిత్ర కూడా ఉంది కాబట్టి, నా ముఖం ఇక్కడివారికి పూర్తిగా పరాయిదేమీ కాదు.

ఈ ఊళ్ళో గడియారం పొలం చేతిలో ఉంటుంది. నాకు మొదట అర్థమైన విషయం ఇదే, చివరికి అన్నిటికన్నా ఉపయోగపడినదీ ఇదే. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి కూలీలు తెల్లవారకముందే పనిలోకి దిగి, మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో బయటపడతారు. తెల్లవారుజామున నాలుగింటికి పెట్రోలు బంకు దగ్గర దీపాల వెలుగులో ముఠాలు చేరతాయి. డబ్బు తీసుకుని తన బండిలో కూలీలను పొలానికి చేర్చేవాడిని ఇక్కడ రైతేరో అంటారు. ముఠా మేస్త్రీని మయోర్దోమో అంటారు. పక్కనే ఒక లొంచేరా, అంటే తినుబండారాలు అమ్మే వ్యాను, ఆగి ఉంటుంది. నేను వారంలో రెండు మూడు తెల్లవారుజాములు అక్కడికి వెళ్ళి నిలబడతాను. ప్రసంగం చేయను, కరపత్రాలు పంచను. ఎవరి భార్యకు నెలలు నిండాయో, ఎవరి తల్లి మెక్సికోలో మంచాన పడిందో, ఎవరికి మేస్త్రీ కూలి బాకీ పడ్డాడో అక్కడే తెలుస్తుంది. కొందరు టోపీ తీసి తల వంచుతారు. ఆశీర్వదించి పంపుతాను. వ్యాను నడిపే ఆమె నా దగ్గర కాఫీ డబ్బు తీసుకోదు. బదులుగా, కొత్త టైర్లు వేయించినప్పుడల్లా బండి మీద తీర్థం చల్లాలి.

తరువాత గుడికి వచ్చి నా జపాలు ముగించుకుని, ఉదయం పూజ చేస్తాను. దానికి వచ్చేవారు వృద్ధులు, రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళుతూ ఆగే షెడ్డు కార్మికులు. పది నుంచి ఒంటిగంట వరకు ఆసుపత్రికి, మంచాన ఉన్నవారి ఇళ్ళకు సత్ప్రసాదం, అంటే పూజలో అర్పించిన అప్పం, తీసుకువెళతాను. ఇళ్ళు అనేవి చాలా వరకు ట్రైలర్లు, లేదా ఒకే ఇంటిని తడికెలతో విడగొట్టి మూడు కుటుంబాలు ఉండేవి. మధ్యాహ్నం మూడు తరువాత కార్యాలయం తెరుస్తాం. నాకు ముందున్న గురువుల కాలంలో అది పట్టణపు ఆఫీసుల్లాగే తొమ్మిది నుంచి అయిదు వరకు ఉండేది. కూలీ పొలంలో ఉన్నప్పుడు తెరిచి, అతను స్నానం చేసి బయటకు వచ్చేసరికి మూసేసేవారు. మూడు నుంచి ఎనిమిది చేయాలని నేను అడిగినప్పుడు విచారణ గురువులు ఒప్పుకున్నారు. జ్ఞానస్నానాల కోసం వచ్చేవారి సంఖ్య ఆ ఏడే పెరగడం అందరికీ కనిపించింది.

కార్యాలయానికి వచ్చే పనుల్లో ఎక్కువ భాగం జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, కిన్సెయానేరా. ఆడపిల్లకు పదిహేనేళ్ళు నిండినప్పుడు చేసే వేడుకే కిన్సెయానేరా. గుడిలో కృతజ్ఞతా పూజ, తరువాత హాలు, విందు, నాట్యం. పిల్ల నేల మీద ఈడ్చుకుపోయే గౌను తొడుక్కుని, తోడుగా స్నేహితురాళ్ళు, కుర్రాళ్ళు వరుసగా నడవగా వస్తుంది. ఖర్చు చూస్తే గుండె జల్లుమంటుంది. ఇక్కడ పని చేసే అమెరికన్ గురువుల్లో కొందరు దీనిని దండగ అంటారు. నాకు ఆ విమర్శ తొందరపాటుగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఖర్చును ఒక్క ఇల్లు మోయదు. ఒక పద్రీనో, అంటే జ్ఞానతండ్రి లాంటివాడు, కేకు పెట్టిస్తాడు, ఒకావిడ కిరీటం కొంటుంది, ఒకరు వాద్యబృందానికి ఇస్తారు, ఇంకొకరు జపమాల, పూజ పుస్తకం తెస్తారు. అలా ఇచ్చినవారంతా ఆ ఇంటికి బంధువుల లెక్కలోకి వస్తారు. అయినవాళ్ళందరూ సరిహద్దుకు అవతల ఉండిపోయిన కుటుంబం ఈ ఊళ్ళో కొత్త చుట్టరికాలు సంపాదించుకునే మార్గం అదే. తరువాత ఆపద వచ్చినప్పుడు మొదట తలుపు తట్టేది ఆ ఇళ్ళదే. నేను పట్టుబట్టేది ఒక్క విషయంలోనే: పిల్ల ముందుగా పాపసంకీర్తనానికి, అంటే తన తప్పులు గురువుకు చెప్పుకుని క్షమాపణ పొందడానికి, రావాలి, తల్లిదండ్రులతో కలిసి తరగతులకు కూర్చోవాలి. ఆ తరగతులను కూడా శనివారం రాత్రికి మార్చవలసి వచ్చింది.

ఆగస్టు చివర ఎండుద్రాక్ష కోత మొదలవుతుంది. ద్రాక్ష వరుసల మధ్య నేలను చదును చేసి, దక్షిణపు ఎండ బాగా తగిలేలా కొంచెం వాలుగా చేస్తారు. కూలీ తీగ కింద మోకాళ్ళ మీద దూరి, కొడవలిలా వంగిన చిన్న కత్తితో గుత్తులు కోసి, తొట్టిలో నింపి, నేల మీద పరిచిన మందపాటి కాగితం మీద పలచగా ఆరబోస్తాడు. ఒక్కో కాగితానికి దాదాపు పది కిలోల పచ్చి ద్రాక్ష పడుతుంది. రెండు మూడు వారాలు ఎండితే అది రెండు కిలోల పైచిలుకు ఎండుద్రాక్ష అవుతుంది. కూలి కాగితం లెక్కన గుత్తగా ఇస్తారు కాబట్టి ఎవరూ నడుము ఎత్తరు. ఆకుల మీది దుమ్ము కళ్ళలోకి, కాలరులోకి, నోటిలోకి పోతుంది. ద్రాక్ష రసం చేతులకు అంటి కందిరీగలు మూగుతాయి. తీగ మొదట్లో నల్లని విషపు సాలీళ్ళు ఉంటాయి కాబట్టి ఆ వేడిలో కూడా మణికట్టు దాకా బట్ట చుట్టుకుంటారు. 2005 నుంచి ఈ రాష్ట్రంలో పొలం దగ్గర నీళ్ళు, నీడ తప్పనిసరి చేస్తూ నిబంధన ఉంది. నీడ గుడారం ఉంటుంది. గుత్తపని చేసేవాడు దాని కిందకు ఎంతసేపు వస్తాడన్నది వేరే ప్రశ్న.

కోత రోజుల్లో ఆదివారం కూడా పని ఉంటుంది. అందుకని పూజనే పొలానికి తీసుకుపోతాం. మా ఊరివాడే అయిన ఒక మయోర్దోమో అన్నం వేళకు ముందు అరగంట ఇస్తాడు. వ్యాను వెనుక తలుపు దించితే అదే పీఠం. గాలికి నారబట్ట ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు ద్రాక్ష గుత్తులు పెడతారు. మొదటిసారి నేను ప్రసంగం రాసుకుని వెళ్ళాను, కాని అంతమంది చెమటతో తడిసి, కత్తులు నడుముకు దోపుకుని, కాలు మార్చుకుంటూ నిలబడి ఉంటే ఆ కాగితం జేబులోనే ఉండిపోయింది. సువార్త చదివి, రెండు మాటలు చెప్పి ఊరుకున్నాను. అప్పటి నుంచి పొలంలో నా ప్రసంగం అంతే. వారికి కావలసినది సత్ప్రసాదం, ఇంటి దగ్గర ఉన్న జబ్బు మనిషి పేరు పూజలో వినపడడం. ఆ పేర్లు ఒక్కొక్కరూ గట్టిగా చెబుతారు. అందులో సగం పేర్లు ఎక్కడో మెక్సికో కొండల్లో ఉన్న తల్లిదండ్రులవి. పూజ ముగియగానే నీళ్ళ సీసాలు, కత్తులు, బండి తాళాలు పైకెత్తి పట్టుకుంటారు. అన్నిటి మీదా తీర్థం పడాలి.

మిస్తేకో కుటుంబాల దగ్గర నా స్పానిష్ కూడా సగమే పనికి వస్తుంది. వారి పెద్దలకు స్పానిష్ రెండో భాష, కొందరు అమ్మమ్మలకు అసలే రాదు. ఒక వృద్ధురాలు పాపసంకీర్తనానికి వచ్చి మిస్తేకోలోనే చెప్పుకుంది. దుబాసి ద్వారా పాపసంకీర్తనం చేసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదని తిరుసభ (కాథలిక్ చర్చి) చట్టంలో 990వ నియమం ఉంది. కాని ఆమె మనవరాలిని బయటే ఉండమని సైగ చేసింది. ఆమె ముఖంలోని దుఃఖం, చేతుల కదలిక, దేవుని పేరు వచ్చినప్పుడు గుండెల మీద వేసుకున్న చెయ్యి నాకు చాలినంత సాక్ష్యమనిపించి పాపవిమోచనం పలికాను. దీని మీద నా తోటి గురువులతో తరువాత చాలాసేపు చర్చ జరిగింది. నా అభిప్రాయం మారలేదు.

ఈ లోయలో డిసెంబరు, జనవరి నెలల్లో నేలను అంటిపెట్టుకుని పొగమంచు పడుతుంది. కారు ముందు బానెట్టు కూడా కనపడనంత దట్టంగా ఉంటే పాఠశాలలు ఆలస్యంగా తెరుస్తారు. కొమ్మల కత్తిరింపు పనికి మాత్రం ముఠాలు ఆ చీకట్లోనే బయలుదేరతాయి. అలాంటి ఒక ఉదయం దారిలో జరిగిన ప్రమాదంలో మా విచారణకు చెందిన ఒక యువకుడు చనిపోయాడు. శవాన్ని వహాకాలోని వాళ్ళ ఊరికి పంపించారు. కాగితాలు లేని అన్నదమ్ములు దానితో వెళ్ళలేరు, వెళితే తిరిగి రాలేరు. అందుకని ఇక్కడి ట్రైలరులోనే తొమ్మిది రాత్రులు జపమాల జరిపారు. నేల మీద సున్నంతో ఒక శిలువ వేసి, చుట్టూ పూలు, కొవ్వొత్తులు పెట్టారు. తొమ్మిదో రాత్రి ఆ శిలువను లేపాలి. అందుకు ఎంచుకున్న పెద్దలు ఒక్కొక్కరే మోకరించి, జపం సాగుతుండగా, చిన్న చీపురుతో ముందు తలభాగం, తరువాత రెండు చేతులు, చివరికి పాదం సున్నాన్ని పళ్ళెంలోకి ఎత్తారు. ఒక్క రేణువు నేల మీద మిగలకూడదు. చనిపోయినవాడి తమ్ముడు ఫోను పట్టుకుని, అక్కడ కొండల్లో ఉన్న తల్లికి అదంతా చూపిస్తున్నాడు. అవతల ఆమె ఇంట్లో కూడా మరో శిలువ లేస్తోంది. ఆ జపాలన్నీ నడిపించినది ఊళ్ళోని ఒక జపకర్త, పొలం కూలీయే. అతనికి నూటికి పైగా పాటలు నోటికి వచ్చు. నేను ఒక మూల కూర్చుని మిగిలినవారితో పాటు బదులు పలికాను. మా ఊళ్ళో జపాలు నడిపించే ఉపదేశిగారు ఉండగా ఫాదర్ గారు చావింట్లో ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆ పద్ధతే ఇక్కడా సరిపోయింది.

మిషనరీ వెళ్ళి విశ్వాసాన్ని నాటుతాడన్న ఊహతో వచ్చేవారికి ఈ ఊళ్ళో పెద్దగా పని ఉండదు. ఇక్కడివారి భక్తి నాకన్నా ముందే, అయిదు వందల ఏళ్ళుగా, వారి రక్తంలో ఉంది. 1531 డిసెంబరులో మెక్సికో నగరం దగ్గరి తెపెయాక్ కొండ మీద మరియమాత హువాన్ దియేగో అనే ఆదివాసీకి దర్శనమిచ్చిందని వారి విశ్వాసం. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆ గ్వాదలూపే మాత పండుగ డిసెంబరు 12న. పదకొండు రాత్రి నుంచే గుడి నిండిపోతుంది. గుణదల కొండ మీద ఫిబ్రవరిలో జరిగే తిరునాళ్ళ చూసినవాడిని కాబట్టి జనం నాకు కొత్త కాదు. కాని అంత చలిలో, కాళ్ళకు చెప్పులు మాత్రమే తొడుక్కుని, గజ్జెలు కట్టుకుని, నెత్తిన ఈకలు పెట్టుకుని గంటల తరబడి నాట్యం చేసే కుర్రాళ్ళను నేను ఇక్కడే చూశాను. మగపిల్లలకు హువాన్ దియేగోలా కాటుకతో మీసం దిద్దుతారు. అర్ధరాత్రి మరియాచీ వాద్యబృందం మాతకు పుట్టినరోజు పాటలు పాడుతుంది. తెల్లవారుజామున అయిదింటి పూజ అయ్యాక మొక్కజొన్న పిండి, చాక్లెట్ వేసి కాచిన చంపురాదో అనే పానీయం, తమాలే అనే పిండివంట ప్రతి ఒక్కరి చేతికీ అందుతాయి. ఆ తరువాత సగం మంది అక్కడి నుంచే పనికి పోతారు. 1966లో ద్రాక్ష తోటల కూలీలు డెలానో నుంచి రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు నడిచి వెళ్ళినప్పుడు ముందు పట్టుకున్న జెండాల్లో ఈ మాత పటమే ఉంది. ఆ సమ్మెను 1965 సెప్టెంబరులో మొదట ప్రారంభించినది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలని, మెక్సికన్ కూలీలు కొద్ది రోజులకు వచ్చి కలిశారని మా ఊళ్ళోని ఒక వృద్ధుడు ప్రతి ఏడూ గుర్తు చేస్తాడు. ఆ ముక్క చెప్పకుండా ఆయన చంపురాదో ముట్టడు.

2025 జనవరి నుంచి మా దినచర్య మారింది. గుళ్ళు, పాఠశాలలు, ఆసుపత్రుల దగ్గర వలసదారుల అరెస్టులకు దూరంగా ఉండాలన్న పాత నియమాన్ని ప్రభుత్వం ఆ నెలలో ఎత్తివేసింది. అదే నెలలో మా దక్షిణాన కెర్న్ కౌంటీలో సరిహద్దు గస్తీ దళం దాడులు చేసిందన్న వార్త కార్చిచ్చులా పాకింది. మరుసటి ఆదివారం పదకొండు గంటల పూజలో వెనుక బల్లలు ఖాళీగా ఉన్నాయి. జులైలో శాన్ బెర్నార్డినో మేత్రాణులు, భయం వల్ల రాలేనివారికి ఆదివారపు పూజ బాధ్యత నుంచి మినహాయింపు ఇస్తూ ఆదేశం వెలువరించారు. మా విచారణ ఆ మేత్రాసనంలోది కాకపోయినా ఆ వార్త మా కార్యాలయంలో అందరూ ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. అప్పటి నుంచి ఇళ్ళకు సత్ప్రసాదం తీసుకుపోవడం రెట్టింపయింది. కార్యాలయంలో ఇప్పుడు జ్ఞానస్నానం ఫారాల పక్కనే మరో ఫారం ఉంటుంది. తల్లిదండ్రులు లేనప్పుడు పిల్లలను బడిలో చేర్పించడానికి, వైద్యం చేయించడానికి ఇంట్లో ఉన్న బంధువుకు కోర్టుతో పని లేకుండా అధికారమిచ్చే ప్రమాణపత్రం అది. కాలిఫోర్నియా చట్టంలో చాలా కాలంగా ఉన్నదే. అమ్మలు దానిని నింపేటప్పుడు పిల్లల మందుల పేర్లు, ఎలర్జీలు, ఏ పాట పాడితే నిద్రపోతాడో కూడా వెనుక పేజీలో రాస్తారు. చట్టానికి ఆ వెనుక పేజీతో పని లేదు. మేము దానిని కూడా నకలు తీసి దాచిపెడతాం.

ఆ కాగితాల మీద నేను ఇచ్చే సలహా ఏమీ ఉండదు. నేను న్యాయవాదిని కాను. నెలకోసారి ఫ్రెస్నో నుంచి ఒక స్వచ్ఛంద న్యాయవాది వస్తారు. ఆ రోజు కుర్చీలు వేయడం, పిల్లలను ఆడించడం, భయపడి కారులోనే కూర్చుండిపోయినవారిని లోపలికి పిలుచుకు రావడం నా పని. దీన్ని గురుసేవ అనాలా అని ఒక స్నేహితుడు ఫోనులో అడిగాడు. ఎండలో కుర్చీలు మోసి వచ్చిన రోజు అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక ఉండదు.

ఇంటి బెంగ గురించి అడిగేవారు ఉంటారు. ఉంది. వేసవిలో ఇక్కడికీ మన దేశానికీ పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. రాత్రి కార్యాలయం మూసి ఫోను చేస్తే అమ్మకు అప్పుడు ఉదయం తొమ్మిదో పదో. వంట నేనే చేసుకుంటాను. పచ్చిమిర్చి, కొత్తిమీర, చింతపండు, జామకాయలు, బొప్పాయి మా వీధి చివరి మెక్సికన్ దుకాణంలోనే దొరుకుతాయి కాబట్టి, కందిపప్పు, ఆవకాయ కోసం తప్ప ఫ్రెస్నో దాకా పోనక్కరలేదు. నవంబరు మొదట్లో చనిపోయినవారి పండుగకు ఇంటింటా బంతిపూలతో అరుగులు కడతారు. బంతి పుట్టిల్లు మెక్సికోయేనని, అక్కడి నుంచి మన దేశానికి వచ్చిందని ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను. మా నాన్నగారు పోయిన ఏడు, ఆయన ఫోటో అడిగి తీసుకుని గుడిలోని అరుగు మీద తమవారి ఫోటోల మధ్య పెట్టారు. ఆయనకేమి ఇష్టమని అడిగితే చుట్ట అని చెప్పాను. ఎక్కడి నుంచో ఒక చుట్ట కూడా తెచ్చి పెట్టారు.

ఆర్-1 వీసా మీద అయిదేళ్ళకు మించి ఉండడానికి వీలులేదు. ఇదివరకు ఆ గడువులోపలే శాశ్వత నివాసానికి దారి దొరికేది. 2023లో అమెరికా విదేశాంగ శాఖ వీసాల లెక్క కట్టే పద్ధతి మార్చడంతో శాశ్వత నివాసం కోసం వేచి ఉండే వరుస ఏళ్ళ పొడవునా సాగింది. నాకంటే ముందు వచ్చిన మా వాళ్ళలో కొందరు విచారణలను మధ్యలో వదిలి వెళ్ళవలసి వచ్చింది. కాగితాల గడువు గురించిన భయం, పరిమాణం వేరైనా, మా ఊళ్ళో బల్లల మీద కూర్చున్నవారికీ పీఠం దగ్గర నిలబడినవాడికీ ఉంది. వారు పట్టుబడితే పిల్లలు విడిపోతారు, నేనైతే విమానమెక్కి ఇంటికి పోతాను. ఆ తేడాను నేను మరచిపోను. నా గడువు ఈ ఏడు చివరికి ముగుస్తుంది. మా మేత్రాసనం నుంచే ఇంకొక యువ గురువు కాగితాలు నడుస్తున్నాయి. ఎండుద్రాక్ష కోతకు ముందే ఆయన వస్తే, పెట్రోలు బంకు దగ్గరికి, పొలం పూజకు నాతో పాటు తీసుకువెళ్ళి, మేస్త్రీలకు, వ్యాను ఆవిడకు పరిచయం చేయాలని అనుకుంటున్నాను. కోత తరువాత వస్తే ముఠాలు చెదిరిపోయి ఉంటాయి. అప్పుడు మళ్ళీ చలికాలపు కత్తిరింపు పనుల దాకా ఆగవలసిందే.